ఉల్కాన్ కొనబోయిన ఎర్ర కారు

ఉల్కాన్ రెండు స్వెట్టర్ల కింద నడుముకి గుడ్డసంచి కట్టుకుని, ఆదివారం ఎనిమిదింటికల్లా రాజధాని బిష్కెక్‌లో పాత కార్ల సంతలో దిగింది. సంచిలో ఎనిమిదిన్నర లక్షల సోములున్నాయి. పదకొండేళ్ళ జీతంలో మిగిల్చినవి కొన్ని, తన వాటాకొచ్చిన గుర్రాలు రెండు అమ్మితే వచ్చినవి కొన్ని. తన ఊరు కొచ్కోర్‌లో బండెక్కిన దగ్గర్నుంచి పక్కన ఎవరు కూర్చున్నా చెయ్యి దానిమీదికే పోతోంది.

ఆమె జిల్లా ఆసుపత్రి అంబులెన్స్ డ్రైవరు. కాన్పు కష్టమైన ఆడవాళ్ళనీ, గుర్రం మీంచి పడ్డవాళ్ళనీ, గుండె పట్టుకున్న ముసలాళ్ళనీ ఇరవై రెండేళ్ళుగా బూమ్ కనుమ దాటించి రాజధానికి చేరుస్తోంది. ఆ దారిలో ఆమెంత వేగంగా బండి తోలే మగాడు లేడని ఊరంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకుని ఏం లాభం, ఆ వేగంలో ఆమెకి సుఖం ఏనాడూ లేదు. వెనక ఎవరో ఒకరు మూలుగుతుంటారు. మూలుగు ఆగిపోతే ఇంకా భయం. ఒక్కసారి, బతికున్నన్నాళ్ళలో ఒక్కసారి, వెనక ఎవరూ లేకుండా, తనకోసం తను, మంచి కారులో ఆ దారిన దూసుకుపోవాలని ఆమె కోరిక. నవ్వుతారని ఆ మాట ఎవరికీ చెప్పలేదు. రెండు తలుపుల కారు కొంటానని మాత్రం చెప్పింది. దానికే నవ్వారు.

“రెండు తలుపుల కారా! గొర్రెని ఎక్కడ ఎక్కిస్తావే, ఒళ్ళోనా?” అంది పొరుగింటి అనార్‌కుల్.

ఉల్కాన్ మొగుడు షర్షెన్ బడిలో భూగోళం చెబుతాడు. నవ్వలేదు గానీ, మ్యాపు చుట్టచుడుతూ ఒక మాటన్నాడు. “కొనుక్కో. మన డబ్బుకి అంత కారు వస్తోందంటే, ఎందుకొస్తోందో మాత్రం అడిగి కొనుక్కో.”

తోడు రావలసినవాడు ఆమె తమ్ముడు కాలిస్. టొక్‌మోక్‌లో సొట్టలు తీసి రంగులు వేసే పని అతనిది. కారు చుట్టూ ఒక్కసారి తిరిగితే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడు. తీరా ముందురోజు మూత్రపిండంలో రాయి కదిలి మంచమెక్కాడు. ఫోన్లోనే పాఠం చెప్పాడు. “అక్కా, ఒక అయస్కాంతం పట్టుకెళ్ళు. రేకైతే పట్టుకుంటుంది, సొట్ట పూడ్చిన పుట్టీ మీద జారిపోతుంది. తలుపు సందులు రెండువైపులా సమానంగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడు. లోపల తివాచీ ఎత్తి చూడు. ఎత్తనివ్వకపోతే అక్కణ్ణించి వచ్చేయ్.”

సంత చివరి వరసలో ఆ కారు కనిపించింది. జర్మనీది. పేరు చెప్పక్కర్లేదు, బొమ్మ చూస్తే చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. పదహారేళ్ళ పాతది. ఎర్రగా, నేలకి అంటుకున్నట్టు, పొంచి కూర్చున్న పిల్లిలా ఉంది. అలాంటిది ఇరవై లక్షలకి తక్కువ దొరకదు. దీని అద్దం మీద పది లక్షలని రాసి ఉంది. బేరమాడితే సంచిలో ఉన్నదానికి దిగొచ్చు.

“ఎవరికమ్మా, కొడుక్కా?” అన్నాడు కారు యజమాని. నలభై ఏళ్ళుంటాయి, బొద్దుగా ఉన్నాడు, తోలు కోటు ఉతికి ఇస్త్రీ చేసినంత శుభ్రంగా ఉంది. పేరు మెలిస్ అట.

“నాకే.”

అతను నవ్వాపుకున్నాడు. ఆమె వంగి ఇంజను మాట విని, నూనె కర్ర తీసి వేలితో రాసి చూసి, టైర్ల మీద తయారైన సంవత్సరం చదివేసరికి, ఆ నవ్వు పోయి మర్యాద వచ్చింది. “తెలిసినవాళ్ళే వచ్చారు. చూడండక్కా, బాగా చూడండి.”

“సగం ధరకెందుకిస్తున్నావ్, తమ్ముడూ?”

“ఇల్లు కడుతున్నానక్కా. పైకప్పు పడలేదు, నెల తిరిగితే మంచు పడుతుంది. నాకు తొందర. మీకు లాభం.”

అయస్కాంతం అన్నిచోట్లా పట్టుకుంది, తలుపు కింద పట్టీ మీద మాత్రం జారింది. రాయి తగిలితే కాస్త పుట్టీ పెట్టించానన్నాడు. తలుపు సందులు బాగానే ఉన్నాయి. తివాచీ మాత్రం జిగురుతో అతికించి ఉంది, ఎత్తితే చిరుగుతుందన్నాడు. కాలిస్ చెప్పిన మాట ఆమెకి గుర్తుంది. కానీ అప్పటికే సీట్లో కూర్చుంది. స్టీరింగు చేతిలోకి వచ్చింది. తాళం తిప్పగానే వీపు వెనక ఆ ఇంజను చేసిన చప్పుడుకి, ఇన్నేళ్ళొచ్చినదానికి, ఒళ్ళు ఝల్లుమంది. మనసు ఒకటి చెబుతుంటే వినడానికి చెవులు ఖాళీగా లేవు.

“కొండ ఎక్కించి చూస్తాను” అంది.

“సంత చుట్టూ ఒక రౌండు చాలదా అక్కా?”

“నేనుండేది కొండల్లో. ఎక్కని బండి నాకెందుకు? కొండ మీది చుంకుర్చాక్ దాకా పోయి వద్దాం.”

మెలిస్ గడియారం చూసుకున్నాడు. మూడింటికి ఇల్గిజ్ అని తలాస్ నుంచి కుర్రాడొకడు వస్తున్నాడట, వచ్చేవారం పెళ్ళట, పెళ్ళికూతుర్ని ఈ కారులోనే తీసుకెళ్తాడట. ఆలస్యమైతే అతనికే ఇచ్చేస్తానన్నాడు. ఉల్కాన్ స్వెట్టర్ పైకెత్తి సంచి ముడి చూపించింది. అతని కళ్ళు ఆ ముడి దగ్గర ఆగి, తర్వాత కొండలవైపు తిరిగాయి.

“సరే. మెల్లగా మాత్రం నడపండక్కా. టైర్లు కొత్తవి.”

టైర్లు కొత్తవి కావు. వాటి మీద సంవత్సరం ఆమె చదివింది. అయినా ఊరుకుంది.

ఊరు దాటేదాకా కారు బంగారంలా నడిచింది. ఎక్కుడు మొదలయ్యాక రెండో గేరులో ఆమె పాదం కాస్త నొక్కగానే కారు ఎగిరి ముందుకు పోయింది. ఆమె నోట్లోంచి చిన్నపిల్లలా ఒక కేక వచ్చింది.

“మెల్లగా, మెల్లగా!” అన్నాడు మెలిస్.

“అమ్మేవాడివా, ఆపేవాడివా నువ్వు? ఇలాంటి కారు కొనేది మెల్లగా పోవడానికా?”

“అది కాదక్కా… పోలీసులుంటారు.”

ఆ దారిలో పోలీసు ఎప్పుడూ ఉండడు. మలుపు తిరిగినప్పుడల్లా కింద ఎక్కడో టిక్కుమని చప్పుడు. కుడి మలుపుకి ఒకటి, ఎడమ మలుపుకి ఒకటి. మొదట సీటనుకుంది. తర్వాత తలుపనుకుంది. పైన మంచు మీద జారే ఆటకొచ్చేవాళ్ళ చలికాలపు హోటల్ దగ్గర కారాపి దిగి చూసేసరికి, ముందు అద్దం కింది మూల వెంట్రుకంత గీత కనిపించింది. పొద్దున్న అది లేదు. అద్దాన్ని ఆమె అంగుళం అంగుళం చూసింది.

“ఈ గీత ఎప్పుడు పడింది?”

“రాయేదో ఎగిరి తగిలుంటుంది.”

“రాయి తగిలితే చుక్క పడుతుంది, మూల నుంచి గీత పడదు.”

కాలిస్‌కి ఫోన్ చేద్దామంటే పైన సిగ్నల్ లేదు. మెలిస్ రాతి మీద కూర్చుని సిగరెట్టు వెలిగించబోయి, మూడు పుల్లలు వృథా చేశాడు. గాలి లేదు. అతని చేతులే నిలవడం లేదు. ఉల్కాన్ ఆ చేతులు చూసింది. చలనుకుంది. ఏదో ఒకటి అనుకోవాలి గనక అనుకుంది, ఎందుకంటే వేళ్ళకి ఇంకా ఆ స్టీరింగు తగులుతూనే ఉంది.

“కిందికి నేను నడపనా అక్కా?” అన్నాడు.

“వద్దు. దిగుడులో చూస్తేనే బండి సంగతి తెలిసేది.”

దిగుడు మొదలైంది. కుడివైపు కొండ, ఎడమవైపు లోయ. అడుగున వాగు తెల్లగా కనిపిస్తోంది. మొదటి మలుపులో బ్రేకు నొక్కగానే పాదాల కింద నేల కదిలినట్టయింది. కారు ఆగుతోంది, కానీ ముందు సగం ఒకసారి, వెనక సగం ఇంకోసారి. అద్దం మీద గీత మూరెడు పైకి పాకింది. అది పాకుతుంటే సన్నగా వినిపించింది కూడా, గడ్డకట్టిన చెరువు మీద అడుగేసినప్పటి చప్పుడు.

ఆమె పక్కకి చూసింది. అంబులెన్సులో పక్కన కూర్చున్నవాళ్ళని ఇరవై రెండేళ్ళుగా చూస్తోంది. భయపడ్డ మనిషి పాదాలు నేలకి తన్నిపెట్టి, లేని బ్రేకుని నొక్కుతాడు. ఎవరైనా అంతే. మెలిస్ మాత్రం రెండు కాళ్ళూ ఎత్తి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, నేలకి పాదం తగలకుండా కూర్చున్నాడు.

“కాళ్ళెందుకు పైకి పెట్టుకున్నావ్?”

మెలిస్ మోకాళ్ళు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

“మెలిస్. నేల మీద కాళ్ళెందుకు పెట్టడం లేదు?”

“తిమ్మిరెక్కాయక్కా.”

కోసి అతికిన కార్ల గురించి కాలిస్ ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి, ఉల్కాన్ గొంతు మారింది. పెద్దగా అరవలేదు. రోగి చుట్టాలు ఏడుస్తుంటే మాట్లాడే గొంతు అది, మెత్తగా ఉంటుంది, తప్పించుకోవడానికి సందు మాత్రం ఉండదు. “ఎక్కడ కోశారు దీన్ని? చెప్పు. నాకిప్పుడే తెలియాలి.”

“మన కాళ్ళ కింద” అన్నాడతను. “అడ్డంగా. ముందు సగం ఒక కారుది, వెనక సగం ఇంకోదానిది. పన్ను తగ్గుతుందని విడిభాగాల సామానుగా తెచ్చి ఇక్కడ అతికారు. అద్దం కింద నుంచి తలుపుల మీదుగా… బ్రేకు గట్టిగా కొట్టకక్కా, నీకు దణ్ణం పెడతాను, గట్టిగా కొట్టకు!”

ఆమె తిట్టలేదు. తిట్టడానికి ఊపిరి ఖర్చు పెట్టే సమయం కాదు. గేరు ఒకటికి దించింది. ఇంజను గర్జించి బండిని వెనక్కి పట్టింది. వేగం తగ్గుతోంది. ఎక్కడైనా కొండవైపు కాస్త గులకరాళ్ళ అంచు దొరికితే ఒరిపించి ఆపేద్దామనుకుంటూ మలుపు తిరిగింది.

మలుపవతల దారంతా గొర్రెలు.

పై మేత మైదానాల నుంచి శరదృతువుకి కిందికి దిగుతున్న మంద. మూడు వందలకి తక్కువుండవు. కొండ అంచు నుంచి లోయ అంచు దాకా దారి కనిపించకుండా నిండిపోయి నడుస్తున్నాయి. వెనక గుర్రం మీద ముసలి కాపరి, ముందెక్కడో ఇంకో గుర్రం మీద అతని భార్య. కారుకీ మందకీ మధ్య యాభై గజాలు కూడా లేవు. బ్రేకు కొడితే కారు నడుము విరుగుతుంది. కొట్టకపోతే గొర్రెలు, గుర్రం, మనిషి.

“అల్లా!” అని మెలిస్ కళ్ళు మూసుకున్నాడు.

ఆమె హారన్ మీద ఎడమ అరచెయ్యి ఆనించి తియ్యలేదు. కుడి చేత్తో చేతి బ్రేకుని ఒక్కో మెట్టుగా, మంచంలో ఉన్నవాణ్ణి కూర్చోబెట్టినంత మెల్లగా లేపింది. కాపరి వెనక్కి తిరిగి చూసి, గుర్రాన్ని కొండవైపు ఎగదోశాడు. గొర్రెలు చీలలేదు. కారు సన్నగా వణుకుతోంది, అద్దం మీద గీత ఇప్పుడు సాలెగూడైంది. ఆమె స్టీరింగు కుడికి తిప్పి, ముందు చక్రాన్ని కొండ పక్క కాలువ గులకరాళ్ళలోకి దింపింది. రాళ్ళు బాడీ కింద గరగరమని గీరాయి. ఒక గుంట వచ్చింది. ధడేల్‌మని చెట్టు విరిగినట్టు చప్పుడై, ఆమె సీటు జానెడు కిందికి దిగిపోయింది. కారు ఇంకో నాలుగు గజాలు ఈడ్చుకుపోయి ఆగింది. చివరి గొర్రె బంపరు ముందు తోక ఆడిస్తూ నిలబడి, ఒకసారి అరిచి, ముందుకి నడిచింది.

ఇంజను ఆపింది. అప్పుడు వాసన వచ్చింది. పెట్రోలు.

తలుపు పిడి లాగింది. రాలేదు. భుజంతో గుద్దింది. నడుము కుంగిన కారు తలుపుల్ని నోరు మూసినట్టు బిగబట్టేసింది. మెలిస్ వైపు తలుపుకి కొండ అడ్డం. అద్దాలు కరెంటుతో దిగేవి. పెట్రోలు కారుతుండగా తాళం మళ్ళీ తిప్పడానికి ఆమె ఒప్పుకోలేదు.

మెలిస్ ఆ పని చెయ్యబోయాడు. ఆమె అతని మణికట్టు పట్టేసుకుంది.

“తాళం ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తాను. నన్ను చూడు. నన్ను చూడమంటున్నా! ఊపిరి తీసుకో. పిల్లలున్నారా నీకు?”

“ఇద్దరు… ఇద్దరక్కా.”

“పేర్లు చెప్పు. ఒక్కొక్కటే చెప్పు.”

అతను పేర్లు చెబుతుంటే ఆమె అద్దం మీద కొట్టి కాపరిని పిలిచింది. ముసలాయన గుర్రం దిగి, తీరిగ్గా వచ్చి, వంగి చూశాడు.

“ఇదేం కారమ్మా? నడుము విరిగిన గాడిదలా ఉంది.”

“బాబాయ్, ఆ నోట్లో చుట్ట అవతల పారేసి రండి. దూరంగా పారెయ్యండి! గుర్రాన్ని కట్టే ఇనప మేకు ఉందా? అయితే నా పక్క అద్దం కొట్టండి. మధ్యలో వద్దు, ఇదిగో, ఈ మూల.”

మూడో దెబ్బకి అద్దం ఉప్పురాళ్ళలా రాలింది. ముందు తన మీదుగా మెలిస్‌ని నెట్టింది, ఎందుకంటే అతనికి కాళ్ళాడటం లేదు, వెనక వదిలితే అక్కడే ఉండిపోతాడు. బొద్దుమనిషి కిటికీలో ఇరుక్కున్నాడు. ముసలాయన బయట నుంచి గొర్రెకి పురుడు పోసినట్టు భుజాలు పట్టి లాగాడు, ఆమె లోపల నుంచి తోసింది. తర్వాత ఆమె వచ్చింది. ముగ్గురూ ఎగువకి ముప్ఫై అడుగులు పోయి కూలబడ్డారు. పెట్రోలు సన్నటి గీతలా దారి మీద పాకి, గులకరాళ్ళలో ఇంకిపోయింది. నిప్పు అంటుకోలేదు.

ముసలాయన జేబులోంచి ఎండు పెరుగు ఉండలు తీసి చెరొకటి ఇచ్చాడు. ఉప్పగా నోట్లో కరుగుతుంటే ఉల్కాన్ స్వెట్టర్ల కింద సంచి ముడి తడిమి చూసుకుంది.

మెలిస్ ఆ మలుపు చివర సిగ్నల్ దొరికిన చోట నిలబడి ఎవరికో ఫోన్ చేశాడు. ముప్పావు గంటకి బండ్లు ఎక్కించుకుపోయే లారీ ఒకటి వచ్చింది. దిగిన ఇద్దరూ అతని స్నేహితులే, దున్నల్లా ఉన్నారు. వాళ్ళని చూశాక అతనికి ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతో పాటు సంత బుద్ధి కూడా.

“అక్కా, బండి నడిపింది మీరు” అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా. “విరిగింది మీ చేతిలో. సంతలో మాటుంది కదా, విరిచినవాళ్ళే కొనుక్కోవాలని.”

ఉల్కాన్ లేచి నిలబడింది. చెయ్యి సంచి మీదికి పోయింది. ముందు ఇద్దరు, పక్కన ఒకడు, వెనక లోయ. దారిలో ముసలాయన తప్ప ఇంకెవరూ లేరు. కాపరి మంద అప్పటికే రెండు మలుపుల కిందికి పోయింది.

“బాబాయ్, కాసేపు ఉంటారా?” అంది.

“ఆవిడుందిగా మందతో” అన్నాడు ముసలాయన. గుర్రం ఎక్కి, కొరడా ఒళ్ళో పెట్టుకుని, దారికి అడ్డంగా నిలబడ్డాడు. “గొర్రెలకి తొందర్లేదు.”

లారీవాళ్ళలో ఒకడు కారు కిందికి టార్చి వేసి చూసి పైకి లేచాడు. “పాత అతుకేగా ఇది, మెలిస్…” అని, మెలిస్ చూపు తగిలి నోరు మూసుకున్నాడు. నోరు మూసుకున్నా మాట బయటికి వచ్చేసింది.

“ఎంతకి ముంచారు నిన్ను?” అంది ఉల్కాన్.

ఆ ప్రశ్న అతను ఎదురుచూడలేదు. మొహం ముడుచుకుపోయింది. “పధ్నాలుగు లక్షలు. రష్యాలో ఆరేళ్ళు ఇటుకలు మోసి తెచ్చిన డబ్బు. మా ఆవిణ్ణి ఎక్కించుకుని సరస్సుకి బయల్దేరితే సగం దారిలో తలుపు తెరుచుకోలేదు. అప్పుడు తెలిసింది. అమ్మినవాడు మర్నాటికి సంతలో లేడు. నేనేం చెయ్యనక్కా? నన్నొకడు ముంచాడు, నేనొకర్ని ముంచితేగానీ తేలను.”

“మీ ఆవిడ మళ్ళీ ఎక్కిందా ఇందులో?”

మెలిస్ తల అడ్డంగా ఊపాడు.

అప్పుడే అతని ఫోన్ మోగింది. పెళ్ళికొడుకు ఇల్గిజ్. పెద్ద గొంతు, సంతోషంగా ఉన్నాడు, పక్కనున్న అందరికీ వినిపిస్తోంది. “అన్నా, ముందే వచ్చేశాం! నా పెళ్ళికూతురు కూడా వచ్చింది, రంగు చూస్తానని. ఎక్కడున్నావ్?”

“ఒక… ఒకావిడ నడిపి చూస్తోంది తమ్ముడూ. ఇవాళ కుదరదు. వచ్చే ఆదివారం రా, చిన్న పని చేయించి ఉంచుతాను.”

“పెళ్ళి శనివారం అన్నా! శుక్రవారానికైనా ఇవ్వు. దాంట్లోనే తో-అషూ కనుమ దాటాలి మేం.”

మెలిస్ “చూస్తాను” అని పెట్టేశాడు. ఉల్కాన్ స్వెట్టర్ ఎత్తి సంచి ముడి విప్పింది. లారీవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె నోట్ల కట్టలు తీసి లారీ మెట్టు మీద ఒకదాని మీద ఒకటి పేర్చింది.

“ఎనిమిదిన్నర లక్షలు. నీకే ఇస్తాను. శుక్రవారానికి అతికించు. శనివారం పొద్దున మీ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఈ మలుపులే దిగు. దిగి వచ్చాక ఇది తీసుకో. ఈ బాబాయ్ సాక్షి. ఊఁ, అను. దిగుతానని అను.”

గాలికి పై నోటు లేవబోతే ఆమె రాయి పెట్టింది.

మెలిస్ ఆ కట్టల్ని చూశాడు. ‘అను’ అంది గానీ, అతను నిజంగా అనేస్తే ఏం చెయ్యాలో ఉల్కాన్‌కి తెలీదు. లారీవాళ్ళిద్దరూ కట్టలు ఎత్తుకుని లారీ ఎక్కితే ముసలాయన కొరడా ఏపాటి? వాళ్ళలో ఒకడు ఒక అడుగు ముందుకేశాడు కూడా. గుర్రం ముక్కు చీదింది.

“నేను ప్రతి వేసవిలో బూమ్ కనుమలో ఒక కొత్త జంటనైనా నుజ్జయిన కారులోంచి ఎత్తుతాను” అంది. “అమ్మాయి చేతికి గోరింటాకు కూడా పోయి ఉండదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట, ‘నాకెందుకులే’ అనుకుని ఉంటారు కదా మెలిస్? వాళ్ళు నాకెప్పుడూ దొరకలేదు. నువ్వు దొరికావు.”

మెలిస్ స్నేహితుడి భుజం పట్టి వెనక్కి లాగాడు. ఫోన్ తీశాడు. పెళ్ళికొడుకు నంబరు నొక్కాడు.

“ఇల్గిజ్, రావద్దు. శుక్రవారం కూడా వద్దు… ఆవిడకి అమ్మలేదు. ఎవరికీ అమ్మలేదు. రెండు కార్లు కోసి అతికిన బండి అది. ఇందాక విరిగిపోయింది… అవును, నాకు తెలుసు. తెలిసే అమ్మబోయాను.” అటువైపు నుంచి వచ్చిన తిట్లన్నీ, ఫోన్ చెవికి దూరంగా పెట్టకుండా, చివరిదాకా విన్నాడు. విని దారి మధ్యలో కూర్చుని మొహం కప్పుకున్నాడు.

ఉల్కాన్ కట్టలు మళ్ళీ సంచిలో పెట్టుకుంది. అతనికి నాలుగు మంచి మాటలు చెబుదామనుకుంది గానీ రాలేదు. తనని చంపబోయినవాడు. అద్దం గీత చూశాక కూడా దిగుడు దిగిన తెలివితక్కువతనం తనది. రెండూ నిజమే. ముసలాయన ఆమెని గుర్రం వెనక ఎక్కించుకుని, కింద ఊరిదాకా గొర్రెల వెంట తీసుకొచ్చి దించాడు. పేరు అడిగితే చెప్పలేదు. “ఈసారి నాలుగు తలుపులున్నది కొనుక్కో, అమ్మాయ్. ఒకటి కాకపోతే ఒకటి తెరుచుకుంటుంది” అన్నాడు.

ఇంట్లో జరిగినదంతా చెప్పింది. షర్షెన్ టీ పోస్తూ విన్నాడు, కప్పు నిండి సాసరులోకి పొర్లుతున్నా చూసుకోలేదు. ఇక కారు మాట ఎత్తదనుకున్నాడు. ఎత్తింది. ఆ చలికాలమంతా ఎత్తింది.

ఏప్రిల్‌లో, ఉల్కాన్ కారు వెతుకుతోందని విని, కరకోల్ నుంచి రిటైరైన పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ఫోన్ చేసింది. తన భర్త కారట, ఆయన పోయాక షెడ్డులోనే ఉంది. జపాన్ కారు, రెండు సీట్లు, పైకప్పు గుడ్డది, వానొస్తే తల మీద కారుతుంది, ఒక తలుపు రంగు వేరు. ఏడు లక్షలు. అందం అడక్కండి అని ఆవిడే చెప్పింది. తివాచీ తనే ఎత్తి చూపించింది. కాలిస్ మూడు గంటలు కిందే పడుకుని, ఒళ్ళంతా తుప్పుతో బయటికి వచ్చి, “అక్కా, ఇది పుట్టినప్పట్నుంచీ ఒకటే కారు” అన్నాడు. ఆమె బేరమాడలేదు. కాలిస్ ఆడి, యాభై వేలు తగ్గించాడు.

మొదటిరోజు ఒంటరిగా బయల్దేరింది. బూమ్ కనుమ ఖాళీగా ఉంది. మొదటి మలుపులు అలవాటు కొద్దీ మెత్తగా తిప్పింది, వెనక ఎవరికో సెలైన్ పెట్టినట్టు. ఒకసారి అద్దంలో వెనక్కి చూసింది కూడా. వెనక సీటే లేదు. అప్పుడు పాదం నొక్కింది. చిన్న ఇంజను గొంతు చించుకుని అరిచింది, గుడ్డ కప్పు టపటపా కొట్టుకుంది, వాగు పక్కన ఆమె కూడా అరిచింది, ఎవరూ వినని అరుపు. కళ్ళలోంచి నీళ్ళెందుకు కారాయో అడిగితే గాలి అని చెప్పేది. అడగడానికి అక్కడెవరూ లేరు.

కనుమ చివర పోలీసు కర్ర ఎత్తాడు. వంగి చూసి గుర్తుపట్టాడు. అతని తండ్రిని రెండేళ్ళ కిందట ఆవిడే ఆసుపత్రికి చేర్చింది.

“ఉల్కాన్ అక్కా! గంటకి నూట ఇరవై ఏడు! ఎవరికి ఏమైంది?”

“ఎవరికీ ఏం కాలేదు.”

“మరెందుకంత తొందర?”

“తొందరేం లేదు తమ్ముడూ” అంది. “జరిమానా రాసుకో.”

అతను తటపటాయించి, టోపీ సర్దుకుని, రాయడం మొదలుపెట్టాడు. ఆమె కిటికీ మీద మోచెయ్యి ఆనించి, చల్లారుతున్న ఇంజను టిక్కు టిక్కుమంటుంటే వింటూ, అతను తన పేరు తప్పు లేకుండా రాస్తున్నాడో లేదో చూస్తూ కూర్చుంది.